తొట్ల కుమెజో చేసిన చెక్క బాకాలు

జపాన్లోని కిసో లోయలో ఫురుహత కుమెజో ఎవరని అడిగితే ఎవరికీ వెంటనే తట్టేది కాదు. తొట్ల కుమె అని అడిగితే మాత్రం రైలు గేటు కాపలావాడు కూడా, "ఆ సందులోకి వెళ్లండి, చెక్క వాసన ఎక్కడ కొడితే అక్కడ ఆగండి" అనేవాడు. తాత, తండ్రి చేసిన పనే కుమెజోదీ. దేవదారు జాతి సవారా చెక్కను పలకలుగా చీల్చి, చిత్రిక పట్టి, అంచుకు అంచు చేర్చి, వెదురు కట్లు బిగించి స్నానపు తొట్లు, అన్నం గిన్నెలు, మిసో అనే సోయా ముద్దని పులియబెట్టే పీపాలు చేసేవాడు. పని అయ్యాక వేలి కణుపుతో ఒక్కసారి తట్టి, చెవి పెట్టి విని, నచ్చితేనే ఇంటి గడప దాటనిచ్చేవాడు.

ప్లాస్టిక్ బేసిన్లు వచ్చి ఆ పనిని సగానికి సగం మింగేశాయి. ఇంకొకడైతే దిగులుతో మంచం పట్టేవాడేమో. కుమెజో మాత్రం, "పోనీలే, నడుముకి కాస్త విశ్రాంతి" అని నవ్వేసి మధ్యాహ్నం ఆటకు వెళ్లిపోయేవాడు. ఊళ్లో ఉన్నది ఒకటే సినిమాహాలు, మిదోరి హాలు. దాని యజమాని సోయానో గెంపెయ్‌కి కుమెజో మీద ఒక కన్ను అభిమానం, ఒక కన్ను వేళాకోళం. నిప్పు అంటుకుంటే ఆర్పడానికి హాల్లో పెట్టిన నీళ్ల పీపాలకు ఏటా కొత్త కట్లు వేసేది కుమెజోనే మరి.

ప్లాస్టిక్ రాకముందే ఒకసారి అలా కట్లు బిగించడానికి వెళ్లినప్పుడు ఆట నడుస్తోంది. పీపాలలో ఒకటి తెర వెనక ఉంది. కుమెజో సుత్తి పట్టుకుని చీకట్లో అటు నడిచాడు. అక్కడ సినిమా శబ్దం వినిపించే రెండు నల్లటి రేకు బాకాలు, ఒక్కొక్కటీ మనిషి ఎత్తున, నోళ్లు తెరుచుకుని నిలబడి ఉన్నాయి. తెర అవతల కథానాయిక ఎవరికోసమో ఏడుస్తోంది. ఆ ఏడుపు చెవుల్లోకి కాదు, తిన్నగా పక్కటెముకల్లోకి దిగింది. వచ్చిన పని మరిచిపోయి ఆట అయ్యేదాకా అక్కడే నిలబడిపోయాడు. అప్పటికి అతనికి ముప్పై ఏళ్లు.

కుమెజో యాభై నాలుగో ఏట మిదోరి హాలు మూతబడింది. జనం ఇళ్లలో టీవీల ముందు కూర్చోవడం మొదలుపెట్టారు. ఆ ఏడు ఊరూరా బౌలింగ్ పిచ్చి పట్టింది కాబట్టి గెంపెయ్ కూడా కుర్చీలు పీకించి బంతులు దొర్లించే నేల వేయిస్తున్నాడు. కుమెజో పరుగున వెళ్లాడు.

"గెంపెయ్-సాన్, తెర వెనక బాకాలు ఏం చేస్తున్నారు?"

"ఏం చేస్తాను? గురువారం పాత ఇనుపవాడు వస్తున్నాడు. తూకానికి వేసేస్తా."

"తూకానికా! మనిషి గొంతుని ఎక్కడైనా తూకానికి వేస్తారటండీ?"

గెంపెయ్ పగలబడి నవ్వాడు. "అయితే నువ్వు కొనుక్కో. కొని ఏం చేస్తావోయ్, అందులో మిసో పులియబెడతావా?"

"వింటాను."

అంత సూటిగా వచ్చిన జవాబుకి గెంపెయ్ నవ్వు ఆగిపోయింది. కాసేపు గడ్డం గోక్కుని అన్నాడు. "నీ దగ్గర డబ్బు తీసుకుంటే నాకు నిద్ర పట్టదు. మా ఇంటావిడ ప్లాస్టిక్ తొట్టి కొందామంటోంది. అందులో కూర్చుంటే మందు సీసాలో మాత్రలా ఉంటుంది నాకు. మంచి స్నానపు తొట్టి ఒకటి చేసిపెట్టు, మోకాళ్లు చాపుకునేంత. బాకాలు, వాటి పెట్టెలు, ఆ వాల్వుల ఆంప్లిఫయరు, అన్నీ పట్టుకుపో."

"మీ మోకాళ్లకి తొట్టి చాలదండీ, పడవ చెయ్యాలి."

"పడవే చెయ్యి!"

పన్నెండు రోజుల్లో తొట్టి తయారైంది. గెంపెయ్ నీళ్లు కూడా పోయకుండానే బట్టలతోనే అందులో కూర్చుని, కాళ్లు బారజాపి, చుట్టుపక్కల ఇళ్లకు వినబడేలా పాట అందుకున్నాడు. బేరం కుదిరింది.

బాకాలను బండి మీద పెట్టి, తాళ్లు కట్టి, ఇద్దరూ లాక్కొచ్చారు. తలుపు చాలలేదు. కాగితపు తలుపులు, వాటి చట్రాలు, పక్కన ఒక గుంజ ఊడదీస్తే గానీ లోపలికి పోలేదు. కుమెజో భార్య తొమియె చేతులు కట్టుకుని అంతా చూసింది.

"కొత్త పెళ్లికూతుళ్లని తెచ్చినట్టు తెస్తున్నారు. మంచిదే. ఇంతకీ ఏ పక్కన పడుకుంటారు వీళ్లు? ఉన్నది ఒకటే గది."

"గోడవారన నిలబడతారులే, పాపం."

"అయితే మనం వాళ్ల నోట్లో పడుకోవాలి."

రెండిట్లో ఒకటే మోగింది. రెండోది మూగది. స్టేషన్ ఎదురుగా రేడియోలు బాగుచేసే హత్సుయె-సాన్ వచ్చి చూసింది. భర్త పోయాక ఆ కొట్టుని ఒంటిచేత్తో నడుపుతున్న మనిషి. బాకా వెనక బిగించి ఉన్న బరువైన అయస్కాంతపు డబ్బా విప్పింది. లోపల ఉల్లిపొర అంత పలచని రేకు, దాని అంచున వెంట్రుక లాంటి తీగ తెగి ఉంది. ఆమె కళ్లద్దాల మీద ఇంకో కళ్లద్దాలు పెట్టుకుని, ఊపిరి బిగబట్టి, టంకం వేసింది.

"కుమె-సాన్, నా మొహం వైపు చూడకండి. నవ్వానంటే రెండో తీగ కూడా తెగుతుంది" అంది పెదవులు కదపకుండా.

ఆ సాయంత్రం తొమియె తన రికార్డు తీసింది. పెళ్లికి ముందు ఆమె ఒకాయా ఊళ్లో పట్టుదారం తీసే మిల్లులో పని చేసింది. సెలవు రోజున హాస్టలు మెట్ల మీద అమ్మాయిలంతా కూర్చుని పాడుకున్న పాట ఒకటి ఉంది. దాన్ని అంతగా పేరు లేని గాయని ఎవరో పాడితే, మత్సుమొతో పట్నానికి వెళ్లినప్పుడు కొనుక్కొచ్చి దాచుకుంది. కుమెజో దాన్ని పాత రికార్డు ప్లేయరు మీద పెట్టి సూది దించాడు. గొంతు గది నిండా లేచింది. అతను భార్య వైపు తిరిగాడు.

"ఎలా ఉంది?"

తొమియె తల ఒక పక్కకి వాల్చి చివరిదాకా విన్నది. "బిందెలో తల పెట్టి పాడుతున్నట్టుంది."

ఆ రాత్రి కుమెజో, తనకి ఇష్టమైన సుంకి ఆకుకూర పచ్చడి వేసి సోబా నూడుల్స్ వేడివేడిగా పెట్టినా, గిన్నెలో తినే పుల్లలతో కెలుకుతూ కూర్చున్నాడు. మర్నాడంతా మాట్లాడలేదు. తొమియె పట్టించుకోలేదు. ఆ మనిషి మూగనోము రెండు రోజులు మించదని ఆమెకి ముప్పై ఏళ్లుగా తెలుసు.

రెండో రోజు పొద్దున్న కుమెజో అలవాటు కొద్దీ బాకా అంచుని వేలి కణుపుతో తట్టాడు. జంయ్‌మని మోగింది. చెయ్యి తీశాక కూడా మోగుతూనే ఉంది. ఇంకోసారి తట్టాడు. మళ్లీ అంతే. తట్టడం ఆపాక కూడా ఇది మాట్లాడుతోందంటే, గాయని మాటకి తన మాట కలుపుతోందన్న మాట! తొమియె చెప్పిన బిందె ఇదే.

ముందు తాళ్లు చుట్టాడు. తర్వాత పాత పరుపు చీల్చి దూది కప్పాడు. రికార్డు పెట్టి భార్యని పిలిచాడు.

"ఇప్పుడు ముసుగు తన్ని పాడుతోంది" అంది తొమియె.

"నీకు ఏది చేసినా వంకే!"

"నన్ను అడక్కండి మరి. అడిగితే చెప్తాను."

అడగకుండా ఉండలేడు, అదే చిక్కు. ఆమె చెవి అబద్ధం చెప్పదు. మిల్లులో వంద మరల రొదలో తన దారం తెగిన చప్పుడు పట్టుకున్న చెవి అది.

అప్పుడు కుమెజోకి తన చేతిలో ఉన్న పని గుర్తొచ్చింది. రేకు మోగుతుంది. సవారా మోగదు, మెత్తగా మింగుతుంది. బాకా అంటే మాత్రం ఏమిటి, అడుగు లేని తొట్టే కదా! హత్సుయె-సాన్‌తో ఆ మాటే అన్నాడు. ఆమె రేడియో పత్రికలన్నీ తిరగేసి వచ్చి హెచ్చరించింది.

"లోపలి వంపు మాత్రం ఉన్నది ఉన్నట్టు రావాలి కుమె-సాన్. కాస్త అటూ ఇటూ అయినా స్వరం మారిపోతుందట."

"వంపు సంగతి నాకొదిలెయ్యండి."

అన్నాడే గానీ, ఆ వంపు అతన్ని శీతాకాలమంతా ఏడిపించింది. తొట్టి గోడ తిన్నగా ఉంటుంది. ఇది ఉమ్మెత్త పువ్వులా మొదట సన్నగా సాగి, చివరికొచ్చేసరికి ఒక్కసారిగా విచ్చుకుంటుంది. లెక్కలు రావు. రేకు బాకా లోపల జానెడుకొక చోట దారం చుట్టి కొలిచి, ఆ దారాన్ని ఇరవై నాలుగు మడతలు పెట్టి, ఒక్కో మడతా ఒక్కో పలక వెడల్పుగా గుర్తు పెట్టుకున్నాడు. మూడేళ్లుగా అటక మీద ఆరుతున్న చెక్కని దించాడు. పలకలు అతకడానికి అన్నం మెదిపిన జిగురు కావాలి. అది తొమియె పని.

"నా అన్నమంతా ఈ పెళ్లికూతుళ్లే తినేస్తున్నారు" అని సణుగుతూనే గరిటెతో గంటల తరబడి మెదిపేది. ఒక్క మెతుకు పలుకు కూడా మిగలనిచ్చేది కాదు.

మొదటి బాకా ఫిబ్రవరిలో పగిలింది. ఆఖరి వెదురు కట్టు దిగగొడుతుంటే ఫెళ్లుమంది. తొమియె వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. కుమెజో ముక్కల మధ్య చతికిలపడి, ఒక ముక్కని వెలుగుకి పట్టి చూస్తున్నాడు.

"దెబ్బ తగిలిందా?"

"నాకు కాదు. చూడు, గొంతు దగ్గర మరీ పలచగా తీశాను. అక్కడ లావుగా ఉంచి, నోటి దగ్గర పలచన చెయ్యాలి. నీ గరిటె ఎక్కడ? మళ్లీ అన్నం పెట్టు."

ఆమె కోప్పడబోయి, ఆయన మొహం చూసి ఆగిపోయింది. కొత్తగా పీపా చేయడం నేర్చుకున్న నాటి కుర్రాడి మొహం అది. వెళ్లి బియ్యం కడిగింది.

మంచు కరిగేసరికి రెండు చెక్క బాకాలు నిలబడ్డాయి. హిరసావా నుంచి లక్క తెచ్చి లోపల తొమ్మిది పూతలు పూశాడు. అద్దంలా మెరిసింది. పాత రేకు బాకాల వెనక ఉన్న అయస్కాంతపు డబ్బాలు తెచ్చి వీటికి బిగించాడు. బయట పచ్చటి వెదురు కట్లు, వరసగా ఏడేసి.

ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం గెంపెయ్, హత్సుయె-సాన్ వచ్చి కూర్చున్నారు. తొమియె మాత్రం వంటింట్లోనే ఉండిపోయింది.

"నాకు పనుంది. ఇక్కడికీ వినబడుతుంది" అంది కుళాయి దగ్గర్నుంచి.

కుమెజో బాకా అంచు మీద తట్టాడు. టప్‌మని ఒక చిన్న మాట చెప్పి ఊరుకుంది. సూది దించాడు.

పాట మొదలైంది. మొదటి చరణం అయ్యేసరికి గెంపెయ్ చేతిలోని టీ చల్లారిపోయింది. రెండో చరణంలో కుళాయి చప్పుడు ఆగింది. మూడో చరణం ఇంకా మొదలవకుండానే తొమియె తడి చేతులతో గుమ్మంలో నిలబడి ఉంది. పాట అయిపోయింది.

"ఊపిరి తీసుకుంది" అంది తొమియె మెల్లగా. "మూడో చరణానికి ముందు. ఇన్నేళ్లుగా వింటున్నాను, ఆ ఊపిరి నాకెప్పుడూ వినబడలేదు. మేమూ సరిగ్గా అక్కడే తీసుకునేవాళ్లం."

కుమెజో ఆగలేక అడిగాడు. "బాగుందా లేదా చెప్పు."

"ఎడమ పక్క దాన్ని జానెడు వెనక్కి జరపండి."

గెంపెయ్ నేల మీద దొర్లి నవ్వాడు. హత్సుయె-సాన్ నవ్వి నవ్వి కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. కుమెజో గొణుక్కుంటూ లేచి జరిపాడు. మళ్లీ సూది దించితే గాయని సరిగ్గా రెండు బాకాల నడుమకి వచ్చి నిలబడింది, చెయ్యి చాపితే తగిలేంత దగ్గరగా. అప్పుడు కుమెజో మొహం పక్కకి తిప్పుకుని, చెక్క పొడి పడిందంటూ చాలాసేపు కళ్లు నలుపుకున్నాడు.

ఆ వేసవిలో అన్నం గిన్నె కొనడానికి నగోయా నుంచి ఒక సంగీతం మాస్టారు వచ్చాడు. లోపలి గదిలోంచి వచ్చిన పాట విని చెప్పులు విడవడం కూడా మరిచిపోయి లోపలికి నడిచాడు. తన బడి హాలులో కూడా పాత సినిమా బాకాలు ఉన్నాయని, వాటికి ఇలాంటి చెక్క ఒళ్లు చేసిపెట్టమని చేతులు పట్టుకున్నాడు. అక్కణ్ణించి ఆ మాట ఒకరి నోట ఒకరికి పాకింది. పన్నెండేళ్లలో కుమెజో తొమ్మిది జతలు చేశాడు. ఏ జతైనా తొమియె "ఊఁ" అనేదాకా ఇల్లు కదిలేది కాదు. ఒకసారి ఒక పళ్ల డాక్టరు ముల్లు తిరిగే యంత్రం తెచ్చి కొలిచి, అంతా సరిగ్గా ఉందన్నాడు. తొమియె లేదంది. వెతికితే కుడి బాకా మీద ఐదో కట్టు వదులుగా దొరికింది. డాక్టరు యంత్రం సంచిలో పెట్టేసుకుని ఆమెకి వంగి దండం పెట్టాడు.

అన్నిటికంటే ముందు, ఆ నగోయా బాకాలు బిగించాక మాస్టారు ఇద్దరినీ బడి హాలుకి పిలిచాడు. కుమెజో పెళ్లినాటి హావోరి అంగీ తొడుక్కున్నాడు. ఇద్దరూ తెల్లారగట్ల రైలెక్కి, దారిలో డబ్బా అన్నం తిని, హాలు చేరేసరికి కుర్చీలన్నీ నిండి ఉన్నాయి. వెనక వరసలో చోటు దొరికింది. దీపాలు తగ్గాయి. ఒక పెద్ద వాద్యబృందం లేచి నిలబడ్డట్టుగా సంగీతం హాలంతా పరుచుకుంది. కుమెజో అయిదు నిమిషాలు బిగబట్టుకున్నాడు. ఆ పైన ఆగలేక, పక్కన కళ్లు మూసుకుని వింటున్న పెద్దమనిషిని మోచేత్తో పొడిచి చెవిలో చెప్పాడు.

"అయ్యా, ఆ బాకాలు నేనే చేశాను."

"ష్!" అన్నాడు ఆ పెద్దమనిషి, కళ్లు తెరవకుండానే. "వినండి ముందు."

తొమియె చేతిరుమాలు నోట్లో కుక్కుకుని నవ్వు ఆపుకుంది. ఆమె భుజాలు ఎగిరెగిరి పడుతుంటే కుమెజోకీ నవ్వొచ్చింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా, తలలు వంచుకుని, ఆ సంగీతం చివరిదాకా బుద్ధిగా విన్నారు.