రాముడికి పాప్‌కార్న్ నైవేద్యం

మొన్న శ్రీరామనవమి నాడు మా అపార్ట్‌మెంట్ జనమంతా నా చుట్టూ చేరి ఎంత నిశ్శబ్దంగా నిలబడ్డారో తెలుసా? మాంగల్యధారణ అప్పుడు కూడా అంత ఏకాగ్రత లేదు! కూర్చోండి, టీ తాగుతూ వినండి.

మేం ఉండేది మియాపూర్‌లో, నా ఆఫీసు రాయదుర్గంలో. రోజూ మెట్రోలో నిలబడీ నిలబడీ నాకు మట్టి మీద ప్రేమ పుట్టింది. చేవెళ్ల దాటాక బోరున్న చిన్న పొలం కౌలుకి తీసుకున్నాను. ఏం వేశాననుకున్నారు? పాప్‌కార్న్! గడ్డి కూడా మాడిపోయే నేల అది. అయితేనేం, డ్రిప్ వేయించాను, ఫోన్‌తో ఆన్ అయ్యే మోటారు పెట్టించాను. మీటింగ్‌లో "యెస్, అగ్రీడ్" అంటూనే టేబుల్ కింద నుంచి చేనుకి నీళ్లు పెట్టేవాణ్ణి.

కంకులు ముదిరాయి. మా ఆవిడ రమ విత్తనాల ప్యాకెట్ చదివి, "ఇంక నీళ్లు ఆపాలటండీ. గింజ మొక్క మీదే ఎండాలట" అంది.

"ఈ ఎండలోనా? నాకే గొంతు ఆరిపోతోంది! రాముడికిచ్చే పంటని దాహంతో చంపమంటావా?"

కోతకి ముందు రోజు దాకా పెడుతూనే ఉన్నాను.

అవును, మొక్కుకున్నాను మరి. మొదటి పంట రామయ్యకే! అపార్ట్‌మెంట్ గ్రూపులో మెసేజ్ కూడా పెట్టేశాను: 'ఈసారి వడపప్పు వద్దు. ప్రసాదం మా పొలం పాప్‌కార్న్!' వెంటనే కమిటీ సెక్రటరీ మల్లేశ్ గారు ఫోన్ చేశారు.

"సార్, పక్కానా? పబ్లిక్ మస్తుగ వస్తరు."

"ఫికర్ వద్దు మల్లేశ్ గారూ, దేవుడే చూసుకుంటాడు!"

పండగ ముందు రోజు రమ మూకుడు పొయ్యి మీద పెట్టింది. "నాలుగు గింజలు వేసి చూద్దామండీ."

ఠక్కున స్టవ్ ఆపేశాను. "నైవేద్యం పెట్టకముందే ఎంగిలి చేస్తావా!"

"తినమన్నానా? పేలతాయో లేదో చూద్దామన్నాను."

"పేలితే వాసన వస్తుంది. వాసన చూసినా ఎంగిలే."

"అయితే ముక్కు మూసుకోండి" అంది. నేను ఒప్పుకోలేదు. నియమం నియమమే కదా!

కల్యాణం అయింది. పందిట్లోనే గ్యాస్ పొయ్యి, దాని మీద పెద్ద గిన్నె. పిల్లలు కాగితం పొట్లాలు పట్టుకుని ముందు వరసలో రెడీ. "జై శ్రీరామ్!" అని నూనెలో గింజలు పోసి మూత పెట్టాను. అందరం చెవులు రిక్కించాం.

స్స్స్స్...

మంట పెంచాను. మూత అంచుల్లోంచి ఆవిరి, చుక్కలు చుక్కలుగా నీళ్లు. నేను పెట్టిన నీళ్లన్నీ రామయ్య వాపసు ఇచ్చేస్తున్నాడు!

"అంకుల్, ఇంకా లోడ్ అవుతోందా?" అంది ఒక చిన్నపిల్ల.

మల్లేశ్ గారు మూతెత్తి తొంగి చూశారు. "ఏంది సార్, గిట్ల ఉడుకుతున్నయ్?"

అంతలో, టప్! ఒక్కటంటే ఒక్కటి పేలి, ఎగిరి పూజారి గారి పళ్లెంలో పడింది. ఆయన తొణకలేదు, దాని మీద తులసిదళం పెట్టి నివేదన చేసేశారు. "స్వామికి ఇది చాలు నాయనా. భక్తులకి ఏం పెడతావో చూసుకో."

ఇటు చూస్తే రమ లేదు. కాసేపటికి పెద్ద గిన్నెతో లిఫ్ట్‌లోంచి దిగింది. వడపప్పు! పొద్దున్నే నానబెట్టేసిందట.

"మీ మీద నమ్మకం లేక కాదండీ, పిల్లలు ఆకలికి ఆగరని..." అంది. అందులో నిజమెంతో ఆ రాముడికే తెలియాలి.

అందరూ తిన్నారు. మొక్కూ తీరింది, పరువూ దాదాపు దక్కింది అనుకుంటుండగా మల్లేశ్ గారు వడపప్పు నములుతూ నా పక్కకొచ్చి నిలబడ్డారు.

"ఏమనుకోకుండ్రి సార్, గింతకీ మీరు ఆఫీసుల ఏం పని జేస్తరు?"

ఆయన మర్యాదగానే అడిగారు. నేనే పానకం ఒక గుటక వేసి, చుట్టూ చూసి, గొంతు తగ్గించి చెప్పాను.

"టెస్టింగ్ అండీ. ఏదైనా కస్టమర్ చేతికి వెళ్లే ముందు, అది పనిచేస్తుందో లేదో చూసే టీమ్‌కి లీడ్‌ని."