చక్రాల ఓవెన్‌లో దాల్చా

ఆ రోజుల్లో పనిలో కొత్తగా చేరినవాళ్ళకు కాళ్ళూ చేతులూ ఉంటే చాలు, నోరు అక్కర్లేదని పెద్దవాళ్ళ నమ్మకం. ఏదైనా అడిగితే ఎదురు మాట్లాడినట్టు, అడక్కపోతే శ్రద్ధ లేనట్టు. తొందరగా చేస్తే దూకుడు, నిదానంగా చేస్తే బద్ధకం. ఇప్పుడు ఆఫీసుల్లో కొత్తపిల్లలకు మొదటిరోజే పూలగుత్తి ఇచ్చి, కేకు కోయించి, పైవాళ్ళను పేరు పెట్టి పిలవమంటారట. (నిజమేనా అని అడిగితే నా మనవరాలు తల ఊపింది. ఊపిందని కూడా రాయి బుజ్జీ, లేకపోతే నేను కల్పించానంటారు.) నాకు మొదటిరోజు ఇచ్చింది ఒక బకెట్టు, ఒక బ్రష్షు. పేరు పెట్టి పిలవడం దేవుడెరుగు, ఎదురుగా నిలబడి తుమ్మితే కూడా మొహాలు మాడ్చుకునేవాళ్ళు.

మాది చార్మినార్ అవతల కిషన్‌బాగ్. నాన్న అక్కడి ఒక గుళ్ళో అర్చకులు. బంధువులందరూ వద్దంటున్నా వినకుండా ఆయన నన్ను ఐటీఐలో ఫిట్టర్ కోర్సులో చేర్పించారు. అది పూర్తవగానే విమానాలు బాగుచేసే పెద్ద షెడ్డులో, హ్యాంగర్ అంటారు దాన్ని, ట్రెయినీగా చేరాను. నన్ను చక్రాల సెక్షన్‌లో వేశారు. అక్కడ ఆడపిల్లను నేనొక్కదాన్నే. మిగతా ఆడవాళ్ళంతా సీటు కవర్లు కుట్టే గదిలో ఉండేవాళ్ళు. ట్రెయినింగ్ ముగిసేలోగా చెకింగ్ సాబ్ ఎదుట ఒక పని సొంతంగా చేసి చూపించాలి. నెగ్గితే చక్రాల దగ్గరే ఉద్యోగం, నెగ్గకపోతే సీటు కవర్ల గది. కుట్టుపని తక్కువదని కాదు, నాకు సూదిలో దారం ఎక్కించడమే రాదు. పైగా నన్ను అక్కడికి పంపేస్తే మా మేనత్త నాన్నతో ఏమంటుందో ముందే వినబడుతుండేది: "కుట్టుడే పనైతే ఇంట్లనే నేర్పిస్తుంటిమి కదా అన్నా, గింత దూరం ఎందుకు తోలితివి?" ఆ ఒక్క మాట నాన్న పడకూడదని నేను చక్రాలను పట్టుకుని వేలాడాను.

పట్టుకోనిస్తే కదా వేలాడటం. సెక్షన్‌కు పెద్ద ఉస్తాద్. అసలు పేరుతో ఆయన్ను పిలిచినవాళ్ళను నేను చూడలేదు. ఆయన కింద ఇంకొందరు సీనియర్లు, అందరూ ఆయన చేతికింద పని నేర్చుకుని, ఆయనలాగే నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడేవాళ్ళు. కోర్సు చదివి వచ్చిన మమ్మల్ని 'సర్టిఫికేట్లోళ్ళు' అనేవాళ్ళు. ఆ మాట అనేటప్పుడు వాళ్ళ మొహాలు చూస్తే సర్టిఫికేట్ అనేది ఒంటికి అంటుకునే రోగమేమో అనిపించేది. అసలు పని ఏమిటంటే, విమానం చక్రం మధ్యలో బేరింగ్ కూర్చోవడానికి ఒక ఉక్కు వలయం ఉంటుంది, కప్పు అంటాం. అది చాలా బిగుతుగా ఉండాలి. అందుకని చక్రాన్ని ఓవెన్‌లో వేడిచేస్తే అది వెంట్రుకవాసి సాగుతుంది, కప్పును ఫ్రీజర్‌లో పెడితే వెంట్రుకవాసి ముడుచుకుంటుంది. అప్పుడు కప్పును ఒక్క ఊపున చక్రంలోకి దించాలి. సరిగ్గా దిగితే 'ఠక్' మని కూర్చుంటుంది. చక్రం చాలినంత కాగకపోయినా, చెయ్యి తడబడినా, సగంలో వంకరగా ఇరుక్కుంటుంది. ఇరుక్కున్న కప్పును మళ్ళీ వాడటానికి లేదు.

ఆ దించే పని ఉస్తాద్ మాకు ఇచ్చేవాడు కాదు. మేము పాత గ్రీజు కడగాలి, నేల తుడవాలి, అన్నిటికంటే ముఖ్యంగా టిఫిన్ డబ్బాలు వేడిచెయ్యాలి. అవును, ఆ ఓవెన్‌లోనే. విమానం చక్రాలు కాచే ఓవెన్‌లో సీనియర్ల మధ్యాహ్నం భోజనాలు వేడెక్కేవి. ఫ్రీజర్‌లో కప్పుల పక్కన వాళ్ళ మజ్జిగ సీసాలు చల్లబడేవి. ఇది ఏ పుస్తకంలోనూ రాసిలేదు, కానీ సెక్షన్‌లో దీనికంటే గట్టి నియమం ఇంకొకటి లేదు. కొత్తగా చేరినవాళ్ళే ఆ డబ్బాలు పెట్టాలి, తియ్యాలి. ఉస్తాద్ డబ్బాలో రోజూ దాల్చా ఉండేది, పప్పులో మాంసం ముక్కలు వేసి పులుపుగా చేస్తారు. గుడి ఇంట్లో పుట్టినదాన్ని, ఊపిరి బిగపట్టి పట్టకారుతో దాన్ని లోపల పెట్టి, మళ్ళీ ఊపిరి బిగపట్టి తీసేదాన్ని. ఎంత బిగపట్టినా వాసన చీరకు పట్టేది. సాయంత్రం ఇంటికి వెళ్తే అమ్మ గుమ్మంలోనే ఆపేది.

"ఏందే నీ దగ్గర వాసన?"

"గ్రీజమ్మా."

"గ్రీజుకు మసాల వాసనొస్తదా?"

"విమానం గ్రీజమ్మా, గట్లనే ఉంటది."

అమ్మ నమ్మేది. విమానం సంగతి ఆమెకేం తెలుసు పాపం, నాకే తెలియదు.

తెలుసుకుందామని ఉస్తాద్ వెనకాల పడేదాన్ని. ఓవెన్ ముందు ఒక గడియారంలాంటిది ఉండేది, ముల్లు ఎర్రగీత దగ్గరికి వస్తే వేడి చాలినట్టు అని మాకు క్లాసులో చెప్పారు. ఉస్తాద్ దాని వైపు కన్నెత్తి చూసేవాడు కాదు. చక్రం కాగిందని ఎట్లా తెలుస్తుందని ఒకరోజు ధైర్యం చేసి అడిగాను.

"తెలుస్తది," అన్నాడు.

"ఎప్పుడు ఉస్తాద్?"

"కాగినప్పుడు."

అంతే. దీన్ని శిక్షణ అనేవాళ్ళు. నేను క్యాంటీన్ వెనక నిలబడి ఆ రెండు మాటలనూ తిప్పి తిప్పి ఆలోచించాను, అందులో నాకు తెలియని పనితనం ఏదైనా దాగుందేమోనని. ఏమీ లేదు. ఆయనకు చెప్పడం ఇష్టం లేదు, అంతే. చెప్పేస్తే రేపు మనకెవరు డబ్బా వేడిచేస్తారు అనుకున్నాడో ఏమో. ఇంటికి వెళ్ళి నాన్నతో మొరపెట్టుకుంటే, పెద్దవాళ్ళతో ఓపిక పట్టాలమ్మా అన్నారు. ఓపిక పడితే సీటు కవర్ల గదిలో పడతానని ఆయనకు ఎట్లా చెప్పను?

పరీక్ష రోజు రానే వచ్చింది. చెకింగ్ సాబ్ అంటే సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ గొంతు పెంచని మనిషి. అరిచేవాళ్ళకంటే ఆయన్ను చూస్తేనే ఎక్కువ భయం. నేను కప్పును ముందే ఫ్రీజర్‌లో పెట్టుకుని, చక్రం తుడుచుకుని ఓవెన్ దగ్గరికి వెళ్ళేసరికి సీనియర్ల డబ్బాలన్నీ బల్లమీద వరసగా ఎదురుచూస్తున్నాయి. ఈ ఒక్కరోజుకు వద్దని ఉస్తాద్‌ను బతిమాలాను.

"పరీక్ష నీది బేటీ, ఆకలి మాది," అన్నాడాయన, చాలా న్యాయంగా మాట్లాడుతున్నట్టు. "లోపల రెండిటికీ జాగ ఉన్నది. ఏం ఫికర్ చెయ్యకు."

జాగా ఎక్కడుంది? డబ్బాలను ఒకదానిమీద ఒకటి పేర్చి వెనక్కి నెట్టి, మూతలు సర్ది, చక్రాన్ని వాటి పక్కన ఇరికించేసరికి అనుకున్నదానికంటే ఆలస్యమైంది. అనుకున్నదానికంటే ముందే సాబ్ వచ్చేశాడు. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. పరీక్ష జరుగుతున్నప్పుడు ఎవరూ మాట్లాడకూడదు. నేను గడియారాన్నే చూస్తున్నాను. ముల్లు ఎర్రగీతను తాకింది. అదే సమయంలో సాబ్ వెనక నుంచి ఉస్తాద్ నాకు ఏదో సైగ చేస్తున్నాడు, అరచెయ్యి పైకెత్తి, కళ్ళు పెద్దవి చేసి. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇక్కడ నా బతుకు తేలబోతుంటే ఈయనకు దాల్చా మాడిపోతుందని బెంగ. ఆయన వైపు చూడటం మానేసి, చేతొడుగులు తొడుక్కుని, చక్రం బయటికి లాగి, కప్పు తెచ్చి దించాను. (ఆ సైగ చక్రం ఇంకా కాగలేదనా, డబ్బా తియ్యమనా అని తరవాత ఎన్నోసార్లు అడిగాను. "రెండూ" అనేవాడు.)

ఠక్ లేదు. సగం దాకా దిగి, ఒక పక్క పైకి, ఒక పక్క కిందికి, చెవి మీదికి వాల్చి పెట్టుకున్న టోపీలాగా నిలబడిపోయింది కప్పు. ఓవెన్‌లో గాలి వేడెక్కింది, ముల్లు గీతను తాకింది, కానీ ఆ వేడిలో సగం అన్నాలకూ కూరలకూ పోయి చక్రానికి చాలలేదు. సాబ్ వంగి చూసి, జేబులోంచి కలం తీశాడు. సీటు కవర్ల సెక్షన్‌లో వాతావరణం బాగుంటుందని, అక్కడివాళ్ళు మంచివాళ్ళని నాకు మెల్లగా, మర్యాదగా చెప్పడం మొదలుపెట్టాడు. ఆ మర్యాదకు నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మాట మధ్యలో ఆగి, రెండుసార్లు గాలి పీల్చి, ఓవెన్ తలుపు తెరిచాడు.

లోపల డబ్బాల గోపురం. పై డబ్బా మూత పక్కనుంచి పులుసు బుడబుడలాడుతూ కారుతోంది. సెక్షన్‌లో సీనియర్లంతా ఒక్కసారిగా షెడ్డు పైరేకులను, గోడ మీది స్పానర్లను, సొంత చెప్పులను చూసుకోవడం మొదలుపెట్టారు.

"ఎవరివి ఇవి?" అన్నాడు సాబ్.

నేను ఒక్క క్షణంలో ఎంత ఆలోచించానో చెప్పలేను. వాళ్ళ పేర్లు చెబితే బతికున్నంత కాలం ఏ సీనియరూ నా చేతికి స్పానర్ ఇవ్వడు. చెప్పకపోతే సూదీ దారం. రెండూ తూచి చూసుకునే తెలివి ఉంటే ఇంకేం. నోరు దానంతటదే తెరుచుకుంది.

"నావి సార్."

"అన్నీ?"

"అన్నీ సార్."

"ఏమున్నది వీటిల?"

"పులిహోర సార్."

"అన్నిట్ల?"

"అన్నిట్ల సార్."

సాబ్ చేతిగుడ్డతో పై డబ్బా బయటికి తీసి మూత ఎత్తాడు. దాల్చా మధ్యలోంచి ఒక ఎముక నిటారుగా నిలబడి మమ్మల్నందరినీ చూసింది. సాబ్ నా నుదుటి మీది బొట్టు చూశాడు, ఎముకను చూశాడు, మళ్ళీ బొట్టు చూశాడు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది కానీ, దాల్చా అని నిజం చెప్పినా 'నావి' అన్న అబద్ధం నిలబడేది కదా. రోజూ వేడిచేసేదాన్ని, ఏముందో తెలియదా? కానీ ఆ మాట అంటే, అర్చకుల పిల్ల మాంసం తింటోందని కిషన్‌బాగ్ దాకా పాకుతుందని భయం. ఉద్యోగం పోయినా ఫరవాలేదు, నాన్న పరువు పోకూడదు. ఆ తొందరలో నాకు తోచిన ఒకే ఒక్క తిండి పులిహోర.

ఉస్తాద్ గట్టిగా నిట్టూర్చాడు. నడుము మీది చేతులు తీసేసి ముందుకొచ్చాడు. ఆయన నడుము మీద చేతులు లేకుండా నిలబడటం నేను చూడటం అదే మొదలు.

"డబ్బా నాది సాబ్. తక్కినయి మావోళ్ళయి. ఈ పిల్లకు అబద్ధం చెప్పుడు కూడ సక్కగ రాదు. చక్రం తప్పు దానిది కాదు."

సాబ్ నవ్వలేదు, కోప్పడలేదు. డబ్బాలన్నీ బల్లమీద పెట్టించాడు. కొత్త కప్పు తెప్పించాడు. ఖాళీ ఓవెన్‌లో మళ్ళీ మొదటినుంచి చెయ్యమన్నాడు. ఈసారి కూడా తప్పితే ఈ సెక్షన్‌కు ఇంకో మనిషిని అడగొద్దని ఉస్తాద్‌కు చెప్పాడు, అంతే మెల్లగా. అప్పుడు ఉస్తాద్ మొహం చూడాలి. నాకంటే ఆయనకే ఎక్కువ చెమట.

చక్రం లోపల పెట్టాను. ముల్లు గీతను తాకింది. నేను కదల్లేదు. భోజనాల గంట మోగింది. ఎవరూ కదల్లేదు, సాబ్ నిలబడి ఉంటే ఎవరు కదులుతారు? బల్లమీద డబ్బాల ఆవిరి నెమ్మదిగా తగ్గిపోతుంటే సీనియర్లు దాన్నే చూస్తూ గుటకలు మింగుతున్నారు. ఇక చాలని నాకు అనిపించింది. అనిపించాక కూడా ఇంకాస్త ఆగాను, కొంత భయంతో, కొంత కసితో. (దీన్ని తీసెయ్యకు బుజ్జీ, ఉండనీ.) అప్పుడు చక్రం తీసి, కప్పు దించాను.

ఠక్.

అంత చిన్న చప్పుడు. సాబ్ సంతకం చేసి వెళ్ళిపోయాడు. వెళ్తూ వెళ్తూ ఓవెన్‌కు తాళం వేయించి తాళంచెవి తన గదికి తీసుకుపోయాడు. చక్రం కాచాలంటే ఆయన మనిషి వచ్చి తియ్యాల్సిందే. ఉస్తాద్ వంగి కప్పు చుట్టూ వేలు పోనిచ్చి చూసి, "ఆవాజ్ మంచిగొచ్చింది" అన్నాడు. ఆయన నోటినుంచి మెప్పుగా నేను విన్నది అన్నేళ్ళలో ఆ ఒక్క మాటే. ఆ తరవాత అందరూ కూర్చుని చల్లారిన అన్నాలు తిన్నారు. ఆ నెలంతా సెక్షన్‌లో ఒక్కో ముద్ద నన్ను తిట్టుకుంటూనే గొంతు దిగిందని నాకు తెలుసు. కానీ మర్నాటి నుంచి కప్పు దించేటప్పుడు, "ఏ సర్టిఫికేట్, ఇటు రా" అని పిలవడం కూడా మొదలైంది.

ఆ సాయంత్రం బస్సులో సీటు దొరికింది. అయినా కూర్చోలేదు. గోళ్ళ సందుల్లో గ్రీజు కనబడేటట్టు పైన కడ్డీ పట్టుకుని నిలబడ్డాను, ఎవరో ఒకరు చూసి, ఏం పని చేస్తవమ్మా అని అడుగుతారని. మూసీ దాటింది, చార్మినార్ దాటింది, ఒక్కరూ అడగలేదు. లాడ్ బజార్‌లో గాజులు కొనుక్కుని ఎక్కిన ఆడవాళ్ళు నా చీరకు గ్రీజు ఉందని పక్కకు జరిగి నిలబడ్డారు. ఆ పిల్ల మాత్రం, అదే అప్పటి నేను, దిగేదాకా అట్లాగే చెయ్యెత్తి నిలబడి ఉంది. ఇప్పుడు మోకాళ్ళు నొప్పెట్టినప్పుడల్లా గుర్తుకొస్తుంది నాకు. ఎదురుగా సీటు ఖాళీగా ఉంది, కూర్చోవే పిచ్చిదానా అందామనిపిస్తుంది. అనను. ఇంకొక్క స్టాపు చూడనీ, ఎవరైనా అడుగుతారేమో.