మూతలేని రేకు డబ్బా

మా లెక్కల టీచరు తలకాయ పగలగొట్టకుండానే లోపల ఏముందో చూసేవారు. ఒకటీ రెండూ కాదు, అరవై తలకాయలు, మూడంటే మూడు నిమిషాల్లో. ఎక్స్‌రే మిషను కనిపెట్టినవాడు ముందుగా మా ఏడో తరగతి కిటికీలోంచి తొంగి చూసి ఉంటే ఆ మిషను జోలికే పోయేవాడు కాదు. "ఈవిడ ఉండగా మనకెందుకొచ్చిన గొడవ" అని ఇంటికెళ్ళి దుప్పటి ముసుగేసేవాడు.

టీచరు గురించి పాత పిల్లలందరూ తలో రెండు పేజీలు రాయాలని ఆమధ్య కబురొచ్చింది. మాలో పెద్ద చదువులవాళ్ళు చాలామందే ఉన్నారు. నేను తొమ్మిదో తరగతి మధ్యలోనే బడికి దండం పెట్టి, టైల్స్ పనిలోకి దిగినవాణ్ణి. అయినా అసలు కథలో హీరోని నేనే కాబట్టి నాకు రాయక తప్పదు.

మా క్లాసు వరండా చివరిది. మూడో బెంచీకి ఒక కాలు విరిగితే ఇటుకరాయి పెట్టారు. గుమ్మం పక్కన స్టూలు, స్టూలు మీద మూతలేని రేకు డబ్బా. ఒకప్పుడది బిస్కెట్ల డబ్బా. దాని మీద చిలక బొమ్మ ఉండేది కానీ, మా చేతులు తగిలి తగిలి ముక్కొక్కటే మిగిలింది.

గంట కొట్టడానికి ఐదు నిమిషాల ముందు టీచరు పాఠం ఆపేసి, బోర్డు మీద ఒకే ఒక్క లెక్క వేసేవారు. మాకు తలో వేలెడు కాగితం ముక్క ఇచ్చేవారు. లెక్క చెయ్యాలి. ఎక్కడన్నా ఆగిపోతే ఆగినచోట కింద గీత గియ్యాలి. డబ్బాలో పడేసి బయటికి పోవాలి. పేరు రాయకూడదు. మార్కుల్లేవు, బెత్తం లేదు.

ఆ కాగితాలు టీచరు వాళ్ళాయన పనిచేసే ప్రెస్సులోంచి వచ్చేవి. ఆయన కటింగ్ మిషను మీద ఉండేవారు. పుస్తకాల అంచులు కోయగా మిగిలిన పీలికల్ని రోజూ సంచీలో వేసుకొచ్చేవారు. వాటిని కత్తిరించి కట్టలు కట్టే పని టీచరు అత్తగారిది. "చెప్పేదీ నువ్వే, వచ్చిందా అని అడిగేదీ నువ్వే. నీ మీద నీకే నమ్మకం లేకపోతే ఎలాగే తల్లీ?" అని కోడల్ని దెప్పుతూ కత్తిరించేదట. దెప్పడం మానలేదు, కత్తిరించడమూ మానలేదు.

మేం బయటికి పోయాక టీచరు చీటీల్ని కిటికీ గట్టు మీద మూడు కుప్పలు చేసేవారు. వచ్చినవాళ్ళది ఒకటి, సగం వచ్చినవాళ్ళది ఒకటి, అసలు రానివాళ్ళది ఒకటి. మర్నాటి పాఠం ఆ మూడో కుప్పతోనే మొదలు.

"అర, మూడోవంతు కలిపితే ఐదులో రెండు అని నిన్న పదిహేడు మంది రాశారు," అన్నారొకసారి. "అంటే, సగం గ్లాసు నీళ్ళున్నాయి. నేను ఇంకాస్త పోశాను. పోస్తే, సగం కంటే తగ్గిపోయాయి. మంత్రమేసి తగ్గించిందెవర్రా?"

క్లాసంతా ఘొల్లుమంది. ఆ పదిహేడులో నేనూ ఉన్నాను. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే. పేరు లేని తప్పుకి నవ్వడానికేం!

ఇలా మూడో కుప్ప తరిగేదాకా కదలకపోతే పాఠాలు ఎలా సాగుతాయి? పక్క సెక్షను లెక్కల మాస్టారికి మేం పెట్టుకున్న పేరు మెయిలు మాస్టారు. ఏ స్టేషన్లోనూ ఆగకుండా దూసుకుపోయేవారు. మాది ప్యాసింజరు. ఆయన శాతాలు ముగించి వడ్డీలెక్కల్లో పడేసరికి మేమింకా భిన్నాల దగ్గరే నీళ్ళు తాగుతున్నాం.

ఒకరోజు వరండాలో పెద్ద సారు టీచర్ని ఆపారు. నేను కిటికీ కింద చెప్పు తెగినట్టు నటిస్తూ కూర్చున్నాను.

"ఏంటమ్మా, పక్క సెక్షను కంటే మూడు పాఠాలు వెనకున్నారు?"

"వీళ్ళకి భిన్నాలు రాలేదు సార్. అవి రాకుండా శాతాలు చెప్తే గాల్లో గోడ కట్టినట్టే."

"గోడ సంగతి నాకొద్దు. నెలాఖరుకి నేనే వచ్చి చూస్తాను. ఇలాగే ఉంటే ఈ క్లాసు ఆయనకిచ్చేస్తాను. మీరు మూడో తరగతికి వెళ్దురుగాని."

టీచరు సరే సార్ అన్నారు. చేతిలో చీటీల కట్టకి రబ్బరుబ్యాండు వేశారు, తీశారు, మళ్ళీ వేశారు.

అంతే! నా బుర్ర పాదరసంలా పరుగెత్తింది. మూడో కుప్ప లేకపోతే బండి ఆగదు. బండి ఆగకపోతే టీచరు ఎక్కడికీ పోరు. ముందు బెంచీలో కళ్ళజోడు పిల్ల ఉండేది, లెక్కల్లో దిట్ట. దాన్ని పట్టుకున్నాను.

"రేపట్నుంచి నీ చీటీ డబ్బాలో వేసేముందు వెనక బెంచీలకి పంపు. అందరం అదే రాస్తాం."

"చూసి రాస్తే టీచరు తిడతారు."

"టీచరే లేకపోతే ఎవరే తిట్టేది?"

అది కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుంది. ఒప్పుకున్నట్టే.

మూడు రోజులు మా బండి విమానమైంది. కిటికీ గట్టు మీద ఒకటే కుప్ప. టీచరు మురిసిపోయి పాఠం వెంట పాఠం చెప్పేశారు. నాకు ఒక్క ముక్క ఎక్కలేదు. వెనక బెంచీల్లో ఎవడికీ ఎక్కలేదు. అయినా ఆ మూడు రోజులూ నేను ఈ బడిని నడిపేవాడిలా తిరిగాను.

నాలుగో రోజు మళ్ళీ భిన్నాల లెక్కే వేశారు. ముప్పావులోంచి మూడోవంతు తీసెయ్యాలి. కళ్ళజోడు పిల్ల కింద పన్నెండు సరిగ్గానే వేసింది. పైన తొమ్మిదిలోంచి నాలుగు తీసి, ఖర్మ కాలి, ఆరు రాసింది. క్లాసు క్లాసంతా పన్నెండులో ఆరు రాశాం. పన్నెండులో ఆరంటే సగమే కదా అని కూడా ఒక్కడికీ తట్టలేదు.

మర్నాడు టీచరు చీటీలన్నీ బల్ల మీద పరిచారు. తిట్టలేదు.

"తప్పులు వేలిముద్రల్లాంటివర్రా. క్లాసు మొత్తానికీ ఒకేలా ఉండవు. ఇక్కడ అందరికీ ఒకే వేలుంది." మళ్ళీ ముక్కలు పంచారు. "ఎవరు చేశారో నాకొద్దు. ఎందుకు చేశారో రాయండి. పేరొద్దు."

డబ్బా నిండింది. టీచరు మా ముందే ఒక్కొక్కటీ చదివారు. సగం దాకా చదివి, బోర్డు వైపు తిరిగి, శుభ్రంగా ఉన్న బోర్డునే చాలాసేపు తుడిచారు. "మిమ్మల్ని పంపేస్తారని భయమేసి" అని మేమంతా రాశాం. ఈసారి ఎవరూ ఎవరిదీ చూడలేదు.

"నేను ఉండటం కోసం మీరు రానిది వచ్చిందని రాస్తే, నేనున్నా లేనట్టే," అన్నారు ఇటు తిరిగి. నాలుగు రోజుల కిందటి పాఠం మళ్ళీ మొదలుపెట్టారు. నెలాఖరుకి ఇంకా తొమ్మిది రోజులే ఉన్నాయి.

ఆ తొమ్మిదీ తొమ్మిది క్షణాల్లా అయిపోయాయి. పెద్ద సారు ముందు పక్క సెక్షనులో గంటసేపు కూర్చుని, తర్వాత మా దగ్గరకొచ్చారు. ఆరులో ఐదులోంచి ఎనిమిదిలో మూడు తీసెయ్యమని బోర్డు మీద వేసి, క్లాసంతా కలయజూసి, వేలు నా మీదే పెట్టారు. టీచరు ముఖం సుద్దముక్కలా పాలిపోయింది. నేను పులిలా లేచాను. రెప్పపాటులో లెక్క తేల్చాను. ఇరవై నాలుగులో పదకొండు! సుద్దముక్క గాల్లోకి ఎగరేసి ఎడంచేత్తో పట్టుకున్నాను. పెద్ద సారు కళ్ళజోడు జారి ఒళ్ళో పడింది. టీచర్ని ఆ క్లాసులోంచి ఎవరూ కదపలేకపోయారు. అలా నా ఒక్కడి దయ వల్ల...

సరే, మిగతాది మీకే తెలుసు. ఇప్పుడు నా కింద ఆరుగురు పనిచేస్తారు. పని చెప్పి ఎవర్నీ "అర్థమైందా" అని అడగను. అలా అడిగితే తలూపని మనిషి ఈ భూమ్మీద పుట్టలేదు. "మొదటి టైలు ఎక్కడ పెడతావో సుద్దతో గీసి చూపించు" అంటాను. గీత చూస్తే చాలు, ఎవడి తలలో ఏముందో తెలిసిపోతుంది.

పోయిన నెల టీచరు వంటగదికి టైల్స్ వేశాను. గట్టు మీద ఉప్పు డబ్బా పక్కన, ముక్కొక్కటే మిగిలిన ఆ చిలక డబ్బా కనిపించింది. ఇప్పుడందులో కొవ్వొత్తులూ, తాళంచెవులూ ఉన్నాయి. చెయ్యి పెట్టి చూశాను, అడుగున ఒక కాగితం పీలిక కూడా దొరికింది. ఏమీ రాసి లేదు. జేబులో వేసుకున్నాను. పైన రాసిందంతా అక్కడే, ఆ సగం వేసిన నేల మీద కూర్చుని టీచరుకి చదివి వినిపించాను. ఆవిడ చివరిదాకా విని ఇలా అన్నారు:

"క్లాసులో అరవై మంది లేరు, ముప్పై ఎనిమిది మంది. నువ్వు సుద్దముక్క ఎగరెయ్యలేదు, అది నీ చేతిలోంచి జారి పడింది. లెక్కా చెయ్యలేదు. కింద ఇరవై నాలుగు వేసి, గీత గీసి, 'ఇక్కడిదాకా వచ్చు సార్, ఇక్కణ్ణుంచి రాదు' అన్నావు. పక్క సెక్షనులో అలా ఒక్కరూ చెప్పలేదని పెద్ద సారు క్లాసు నాకే ఉంచారు."