వాక్యంలో కర్త ఎవరు

నిన్న సాయంత్రం నెల్లూరులో నేనుండే వీధి చివర ఏదో సభ జరిగింది. ముందు మైకు కీచుమంది. ఎవరో దానిలోకి రెండుసార్లు ఊదారు. ఆ తర్వాత ఒక గొంతు మొదలైంది. గాలి అటూ ఇటూ తిరుగుతుండటంతో వాక్యాల మొదళ్లు కొట్టుకుపోయి చివర్లు మాత్రమే నా దాకా వచ్చాయి. "...జరిగింది." "...ఆగిపోయింది." "...ఇవ్వబడుతుంది." వంటింట్లో బియ్యం కడుగుతున్న నేను చేతులు నీళ్లలో అలాగే ఉంచి నిలబడిపోయాను. ఎవరు చేశారు, ఎవరు ఆపారు, ఎవరు ఇస్తారు అని నా లోపల ఒక ఆడగొంతు అడుగుతూనే ఉంది. ఆ గొంతు ఎస్తేరు టీచరమ్మది. ఆమె పోయి ఏడాది దాటింది.

మా పాళెం వాకాడు వైపు సముద్రం ఒడ్డున ఉంటుంది. అందరివీ చేపల వేట మీద బతికే ఇళ్లే. ఆమె మా హైస్కూలుకి తెలుగు చెప్పడానికి వచ్చేనాటికి నాకు పదమూడేళ్లు. పొట్టి మనిషి. నూలు చీర, నల్ల గొడుగు, ఎప్పుడూ కాస్త ముందుకు వంగిన నడక. భర్త చనిపోయారు, పిల్లలు లేరు. బడి వెనక రెండు గదుల ఇంట్లో ఒక్కరే ఉండేవారు. ఆదివారం పొద్దున చర్చికి వెళ్లేవారు, మధ్యాహ్నం నుంచి ఆ ఇల్లు మాది. మాది అంటే ముఖ్యంగా నాదీ, బెంచీలో నా పక్కన కూర్చునే పోలయ్యదీ. పోలయ్యకు చదువు మీద అంత ధ్యాస లేదు గానీ మాట మీద ఉండేది. టీచరమ్మ అడిగే ప్రశ్నలకు నేను సరైన జవాబు చెప్పేవాణ్ణి, వాడు మంచి జవాబు చెప్పేవాడు. ఆ తేడా ఆమెకు తెలుసు. అప్పుడు నాకు తెలియదు.

వ్యాకరణం చెప్పాల్సిన రోజు ఆమె పుస్తకం తెరవలేదు. మమ్మల్నందరినీ పంచాయతీ ఆఫీసు గోడ దగ్గరికి నడిపించుకుపోయారు. అక్కడ ఒక నోటీసు అంటించి ఉంది. వేట నిషేధ కాలంలో పడవలు సముద్రంలోకి తీసుకుపోరాదని నిర్ణయించబడినది, అని. "దీంట్లో కర్త ఎవరు?" అని అడిగారు. చివరికి పోలయ్య, "ఎవురూ లేరు టీచర్. నిర్ణయం పైనుంచి దభీమని పడినట్టుంది" అన్నాడు. అందరం నవ్వాం. ఆమె నవ్వలేదు. వాడి భుజం మీద చెయ్యి వేసి, "అదే పాఠం. రాసుకోండి" అన్నారు. నోటీసు చెడ్డదని ఆమె అనలేదు. చేపలు గుడ్లు పెట్టే కాలం అది, ఆ నిషేధం అవసరమే. "మంచి మాటైనా సరే, చెప్పినవాడు కనబడకపోతే ఒకసారి ఆగి వెతకండి" అన్నారు.

ఆమె ఇంట్లో చిన్న టీవీ ఉండేది. ఆదివారం సినిమా వస్తే పదిమందిమి నేలమీద కూర్చుని చూసేవాళ్లం. ఒకసారి ఏదో సినిమా సీడీ తెచ్చారు. అందులో కొడుకు శవం ముందు తల్లి కూర్చుని ఉండే ఘట్టం వచ్చింది. మేమందరం వెక్కివెక్కి ఏడ్చాం. ఆమె లేచి, అదే ఘట్టం మళ్లీ పెట్టి, ఈసారి శబ్దం పూర్తిగా తీసేశారు. తెరమీద ఒకామె గోడకు ఆనుకుని కూర్చుని ఉంది, అంతే. కళ్లలో నీళ్లు కూడా లేవు. కెమెరా నెమ్మదిగా దగ్గరికి పోతోంది. ఎవరికీ ఏడుపు రాలేదు. "ఇందాక ఏడ్చింది ఈమె కోసమా, వయొలిన్ కోసమా?" అని అడిగారు.

నేను గబుక్కున "వయొలిన్ కోసం" అన్నాను. మోసం పట్టుకున్నానన్న గర్వం నాది.

పోలయ్య కాసేపు ఆలోచించి, "రెంటికీ టీచర్. మా అమ్మ కూడా మా నాయిన పోయినప్పుడు ఇట్టనే కూచోనుండింది. వయొలిన్ లేకపోతే నాకు ఆ సంగతి గుర్తొచ్చేది కాదు" అన్నాడు.

టీచరమ్మ వాడివైపు తిరిగారు. "ఏడుపు అబద్ధం కాదురా. ఎవరు ఏడిపిస్తా ఉండారో, ఎందుకు ఏడిపిస్తా ఉండారో తెలుసుకోని ఏడవండి. అంతే నేను చెప్పేది" అన్నారు. నేను నేర్చుకున్నది మాత్రం వేరు. ఎలా ఏడిపిస్తారన్నది నాకు బాగా పట్టుబడింది.

ఎన్నికలప్పుడు మమ్మల్ని సభకు తీసుకుపోయి, చివర నిలబెట్టి, నోటు పుస్తకాలు ఇచ్చేవారు. వక్త 'మనం' అన్నప్పుడల్లా ఒక గీత, 'మీరు' అన్నప్పుడల్లా ఒక గీత పెట్టమనేవారు. కష్టం గురించి మాట్లాడేటప్పుడు మనం, ఓటు గురించి వచ్చేసరికి మీరు. గీతలు చూసుకుని మాకు భలే సంబరంగా ఉండేది. చర్చిలో పాస్టరు గారి ప్రసంగాన్ని కూడా ఆమె వదిలేవారు కాదు. "ఈరోజు అయ్యగారు తన పాపం తానే ఒప్పుకున్న సుంకరి కథ బాగానే చెప్పినారు గానీ, వేలు మాత్రం మా వైపే చూపించినారు" అని ఆయనతోనే అనేవారు. ఆయన నవ్వి కాఫీ అడిగేవారు.

పదో తరగతి తర్వాత పోలయ్య వేటకు పోయాడు. నేను నెల్లూరులో డిగ్రీ చేసి, కొన్నాళ్లు ఒక పత్రికలో పనిచేసి, చివరికి మా ప్రాంతపు నాయకుడొకాయన ఆఫీసులో కుదిరాను. ఆయన ప్రసంగాలు రాయడం నా పని. పెళ్లిళ్లకు ఆశీస్సులు, శంకుస్థాపనలు, సంతాపాలు, అన్నీ. ఎక్కడ గొంతు తగ్గించాలో, ఏ మాట మూడుసార్లు అనాలో కాగితం అంచున పెన్సిలుతో గుర్తు పెట్టి ఇచ్చేవాణ్ణి. ఈ సంగతి చెప్పినప్పుడు టీచరమ్మ సంతోషించారు. "నా పిల్లోడి మాటలు అంతమంది వింటా ఉండారా!" అన్నారు. ఆ రోజు ఆమె కళ్లలో మెరుపు నేను చూశాను. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ తల వంచుకోవాలనిపిస్తుంది.

మా పాళెం పక్కన ఏరు సముద్రంలో కలిసే చోటును మొగ అంటాం. పడవలన్నీ ఆ మొగ దాటే సముద్రంలోకి పోవాలి, ఆ దారినే రావాలి. ఏటేటా ఇసుక మేట వేసి అది పూడుకుపోతోంది. లోతు తగ్గినచోట అల విరిగి లేస్తుంది, పడవ అడ్డం తిరిగితే ఇక అంతే. ఇసుక తీయించమని పాళెం వాళ్లు మా నాయకుడికి అర్జీ ఇచ్చారు. అది నా బల్ల మీదికి వచ్చింది. విప్పగానే గుండ్రటి, నిటారు అక్షరాలు. టీచరమ్మ చేతిరాత. నేను దాని సారాంశం రెండు వాక్యాల్లో ఆయనకు చెప్పాను. "చూద్దాంలే" అన్నారాయన. నేను దాన్ని ఫైల్లో పెట్టాను. మళ్లీ గుర్తు చేయలేదు. ఆయనకు ఇష్టంలేని సంగతి రెండోసారి ఎత్తితే ముఖం ఎలా మారుతుందో నాకు తెలుసు.

తర్వాతి వానాకాలంలో ఒక తెల్లవారుజామున మొగ దగ్గర పడవ తిరగబడింది. ముగ్గురు పోయారు. అందులో పోలయ్య ఒకడు.

ఫోను రాగానే నేను ఆఫీసు మెట్ల మీద కూలబడ్డాను. గంట తర్వాత ఆయన పిలిచారు. "రమణయ్యా, మధ్యాహ్నం పోవాల. జనం కోపంగా ఉండారంట. మంచిగా రాయి" అన్నారు. రాశాను. ఏడుస్తూనే రాశాను. ఆ వాక్యాల్లో ఒక్కటి కూడా దొంగ దుఃఖంతో రాసింది కాదు. 'కన్నతల్లి లాంటి సముద్రం ఈరోజు తన బిడ్డలను తానే ఒడిలోకి తీసుకుంది' అన్న మాట దగ్గర నా పెన్ను చాలాసేపు ఆగిపోయింది. పాళెంలో ఆయన ఆ మాట చదివినప్పుడు, నేను గుర్తు పెట్టిన చోటే గొంతు తగ్గించినప్పుడు, ఆడవాళ్లు ఒక్కసారిగా ఘొల్లుమన్నారు. రాళ్లు పట్టుకుని ఉన్నారని మాకు కబురొచ్చిన కుర్రవాళ్లు తలలు వంచుకుని కళ్లు తుడుచుకున్నారు. మొగ గురించి ఎవరూ అడగలేదు. జనం వెనకాల నల్ల గొడుగు కింద టీచరమ్మ నిలబడి ఉన్నారు. ఆమె ఏడవడం లేదు. వింటున్నారు.

వారం తర్వాత రమ్మని కబురు పంపారు. వెళ్లేసరికి బల్ల మీద గీతల కాగితాలు రెండు ఉన్నాయి. ఎవరో ఫోనులో తీసిన ప్రసంగాన్ని విని, మొత్తం టీచరమ్మే తన చేత్తో రాసుకున్నారు.

"కూర్చో. ఇది నువ్వు రాసిందే గదా?"

"అవును టీచర్."

"మొదటి వాక్యంలో కర్త ఎవరు?"

"సముద్రం."

"రెండోదాంట్లో?"

"విధి."

"దాని తర్వాత?"

"అల."

"మనుషులు యాడుండారు దీంట్లో?"

"చివర్లో ఉన్నారు టీచర్. 'మనమందరం కన్నీళ్లతో' అని..."

"అవును. ఏడవడానికి మాత్రం మనుషుల్ని పెట్టినావు" అన్నారు.

నేను తల ఎత్తలేకపోయాను. ఆమె గొంతు పెంచలేదు. బడిలో నా కాంపోజిషను దిద్దేటప్పటి గొంతే. "ఆ అర్జీ పోలయ్య ఇదే కుర్చీలో కూచోని చెప్పినాడు. నేను రాసినాను. అది నీ దాకా వచ్చిందా?"

"వచ్చింది."

"నా రాత గుర్తుపట్టినావా?"

"పట్టాను టీచర్."

ఆమె కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకున్నారు. చాలాసేపు తుడుస్తూనే ఉన్నారు. "నీ మీద కోపం కాదురా. ఈ విద్య నేర్పింది నేనే గదా. మాటలు విప్పడం నేర్పితే కట్టడం కూడా వస్తాదని, కట్టి దేన్నైనా దాచొచ్చని నాకు తట్టలేదు" అన్నారు. నేను లేచి వచ్చేస్తుంటే అన్నం తిని పొమ్మనలేదు. ఆ ఇంట్లోంచి నేను తినకుండా బయటికి రావడం అదే మొదటిసారి.

ఆ తర్వాత రెండేళ్లు నేను ఆమె ముందుకు పోలేదు. ఉద్యోగం మానలేదు కూడా. మానడానికి కారణం ఉంది, ధైర్యం లేదు. మూత్రపిండాలు పాడై ఆమెను నెల్లూరు ఆసుపత్రికి తెచ్చారని తెలిసి, బత్తాయిలు కొనుక్కుని వెళ్లాను. మెట్ల దగ్గర నిలబడి ఏం మాట్లాడాలో మనసులో రాసుకోవడం మొదలుపెట్టాను. ఒక వాక్యం కుదిరింది, రెండోది కూడా కుదిరింది. అవి బాగున్నాయని అనిపించగానే నా మీద నాకే అసహ్యం వేసింది. ఏ మాటా అల్లకుండా ఉత్తినే లోపలికి వెళ్లి ఆమె మంచం పక్కన కూర్చోవచ్చు. ఆ చిన్న సంగతి నాకు తోచలేదు. పండ్లు ఎవరో ముసలామెకు ఇచ్చి వెనక్కి వచ్చాను. పద్దెనిమిది రోజులకు ఆమె పోయారు.

ఆమె జ్ఞాపకార్థం పెట్టిన ఆదరణ కూడికకు చర్చి నిండిపోయింది. సగంమంది మా పాళెం వాళ్లు. పాస్టరు గారు నన్ను చూసి, "రమణయ్య టీచరమ్మ శిష్యుడు. మాటలు బాగా రాస్తాడు. రెండు మాటలు చెప్తాడు" అన్నారు. జేబులో కాగితం ఉంది, రాత్రంతా కూర్చుని రాసింది. దాన్ని బయటికి తీయలేదు. మైకు దగ్గర నా ఊపిరి నాకే వినిపించింది.

"పోలయ్య వాళ్లు పోయిన రోజు ఇక్కడ చదివిన ప్రసంగం నేను రాశాను. మొగలో ఇసుక తీయించమని మీరిచ్చిన అర్జీ నేను చదివాను. ఫైల్లో పెట్టింది నేను. ఆ సంగతి తెలిసి కూడా ప్రసంగంలో రాయలేదు. టీచరమ్మ నన్ను ఈ మాట చెప్పమని అడగలేదు. ఎదురుచూశారు. ఆమె ఉన్నప్పుడు నేను చెప్పలేదు."

ఎవరూ ఏడవలేదు. వెనక బెంచీల్లోంచి ఎవరో లేచి వెళ్లిపోయిన చప్పుడు వినిపించింది. పాస్టరు గారు ప్రార్థన మొదలుపెట్టారు.

బయట చెప్పులు వేసుకుంటుంటే పోలయ్య భార్య చెంచమ్మ వచ్చి ఎదురుగా నిలబడింది.

"అన్నా, ఈ మాట ఆ పొద్దే చెప్పుంటే?"

"భయపడినాను చెంచమ్మా."

"నీకు ఉద్యోగం పోతాదని భయం. మా ఇళ్లల్లో మనిషి రాడేమోనని భయం, ఇప్పటికీ" అంది. ఆమె కొంగు నడుముకు దోపుకుని, "మా తమ్ముడు ఆ మొగలోంచే పోతా ఉండాడు. ఆ అర్జీ మళ్లా రాయి. ఏడుపు మాటలు ఒద్దు. ఎవురికి ఇచ్చినామో, ఎవురు తీసుకున్నారో, ఎవురు పక్కన పెట్టినారో పేర్లతో రాయి. నీ పేరు కూడా" అంది. క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు.

ఉద్యోగం మానేశాను. ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతున్నాను. అర్జీలు తీసుకునే రోజున సెలవు పెట్టి చెంచమ్మతో కలిసి వరుసలో నిలబడతాను. ఇప్పటికి నాలుగు ఆఫీసులు అయ్యాయి. మొగలో ఇసుక అలాగే ఉంది. పడవలు అల చూసుకుని దాటుతున్నాయి. ప్రతిచోటా ఒకే తంతు. కాగితం తీసుకున్న అధికారి మొదట్లో తీరిగ్గా చదువుతాడు, రెండో పేరా దగ్గర ఆగుతాడు, తలెత్తి మా ఇద్దరినీ చూస్తాడు. "ఇది ఎవరు రాశారు?" అని అడుగుతాడు.

"నేనేనండీ" అంటాను. ఆ ఒక్క మాట అనడానికి నాకు నలభై ఏళ్లు పట్టింది. అన్న ప్రతిసారీ చెంచమ్మ పక్కకు చూస్తుంది, ఈ మాట వినాల్సిన మనిషి ఎక్కడా లేదన్న సంగతి నాకు మళ్లీ కొత్తగా తెలుస్తుంది.