డ్రైవర్ దిక్కు తలుపు

మా కారు తలుపు ఏస్తే రెండు సప్పుళ్లు వచ్చేటియి. ఒకటి అన్ని కార్లకు వచ్చేదే. దాని ఎనక, జర ఆగి, తలుపు లోపల ఇంకోటి, ఎండుటాకులు జరిగినట్టు. నా పెనిమిటి పోయినంకనే అది నా చెవిన పడ్డది. భూపాలపల్లి తొవ్వల కారు నడుపుకుంటనే ఆయనకు గుండె ఆగింది. ఆగేముందు బండిని పక్కకు తీసి నిలబెట్టిండు. ఎక్కినోళ్లకు ఎవ్వరికి ఏం కాలే. కారును తెచ్చి కొత్తగూడల మా ఇంటిముందట పెట్టినసంది, పొద్దుకొకసారి ఆ తలుపు తీసి ఏసేదాన్ని. ఆ రెండో సప్పుడు ఆయనదే అనుకున్న. ఎవ్వరికి చెప్పలే.

ఆయన లెక్కనే నాకు గూడ బీపీ ఉన్నది. గోలీలు గూడ గవ్వే. ఆయన పోయినంక బంద్ పెట్టిన. రోజు ఏసుకున్న మనిషినే కాపాడలే, నన్నేం కాపాడుతయి? పొయ్యి కాడ రెండుసార్లు కండ్లు తిరిగి పడ్డ. తమ్ముడు మొత్తుకున్నా గదే మాట చెప్పిన.

కారు ఇప్పుడు మా తమ్ముడే నడుపుతుండు, మహబూబాబాద్ దవాఖానకు పోయేటోళ్లను ఎక్కిచ్చుకొని. రెండిండ్లు దాని మీదనే బతుకుతున్నయి. ఈ వానకాలం తలుపు అడుగంత తుప్పు తిని చేతికి రాలవట్టింది. బండి ఫిట్‌నెస్ కాయితానికి ఆర్టీవో ఆఫీసుకు పోతే, తలుపు మార్చుకొని రాండ్రి అని ఎనకకు పంపిండ్రు.

"కొత్తది దొరకదక్క, ఈ మోడల్ బందైంది. జనగామల పాత సామాన్లోళ్ల కాడ చూద్దం."

"దీనికే అతుకు ఏపియ్యరాదు తమ్మీ?"

"అతుకు ఏద్దమంటే ఇనుముండాలె గద. నీకేమైంది?"

ఏమైందో చెప్పలేక నేను గూడ బయలెల్లిన. దర్జీ కాడికి ఆది రవిక కొంటవోయినట్టు, తలుపును ఊడదీసి ట్రాలీ ఆటోల ఏసుకున్నం. గుంత గుంతకు లోపల సప్పుడు. జనగామ దాక దాని మీద చెయ్యి తియ్యలే.

ఆ దుకాణంల తలుపులన్ని పళ్లేల లెక్క నిలబెట్టి పేర్చిండ్రు. దుకాణమాయన తెల్లదొకటి లాగిండు. "గిదే, గిదే" అన్నడు తమ్ముడు.

"కవలపిల్లలు గూడ చూడనీకి ఒక్కతీరే ఉంటరు తమ్మీ. మీ బండి ఏ సంవత్సరంది?"

తమ్ముడు కాయితం చూసి చెప్పిండు.

"గట్లయితే ఇది రాదు. దీని అద్దం చేత్తోని తిప్పేది, మీది బటన్‌ది. వైర్లు కలవయి."

ఇంకోటి తీసి మా తలుపు పక్కన పండవెట్టిండు. బోల్టు బొక్కల నడుమ దారం పట్టి రెండింటికి కొలిచిండు. లాకు చూసిండు. అయస్కాంతం తెచ్చి పైనుంచి కిందికి జరిపిండు. గుద్దుకున్న తలుపైతే పుట్టీ పెట్టి రంగేస్తరట, పుట్టీ కాడ అయస్కాంతం పట్టకుంట జారుతదట. నేను కుండను చూసినట్టు ఏలు మడిచి కొట్టి చూసిన. అంతట ఒక్కతీరు మోగింది.

"దీంట్ల ఎవరన్న పోయిండ్రా అన్న?"

"లేదక్కా. ఎనక నుంచి లారీ తాకింది. మనుషులు దిగి చాయ తాగిండ్రు. అయినా పోయినోళ్లు తలుపుల ఉంటరా?"



తాళంచెవి మారకుంట మా లాకే దీనికి ఏస్తనని, మా తలుపు లోపలి అట్ట ఊడదీసిండు. అడుగుకు చెయ్యి పెట్టి పిడికెడు తీసిండు. మట్టి. మట్టిల గోలీలు, రేకుతోనే, చింపకుంట. మల్ల చెయ్యి పెట్టిండు, మల్ల పిడికెడు.

"నీళ్లు దిగే బొక్కలు గివ్వే మూసినయి. తుప్పు పట్టక ఏం చేస్తది? అద్దం సందుల ఎవరేసిండ్రక్కా గిన్ని?"

రేకుల మూలలు గుండ్రంగ కోసి ఉన్నయి. అది నా కత్తెర. చదువు రాని దాన్ని, లెక్క తప్పద్దని గోలీలను ఒక్కొక్కటి కోసి డబ్బల ఏసేదాన్ని. జేబుల గుచ్చుకోవద్దని మూలలు గుండ్రంగ కోసేదాన్ని. పొద్దుగాల ఆయన కారు ఎక్కినంక అద్దంలకెల్లి చేతుల పెట్టేదాన్ని. "చాయ తాగి ఏసుకుంట" అనేటోడు.

తమ్ముడు నేల చూసుకుంట అన్నడు. "గోలి ఏసుకుంటే కండ్లు మూతవడుతున్నయని బావ అంటుండె. ఎనక గంతమంది కూసుంటరు, కునుకు పడితే ఎట్ల అంటుండె."

"నీకు ఎరుకేనా?"

"అంటుండె గని, ఏసుకుంటలేడని ఎరుక లేదక్క."

దుకాణమాయన పాత తలుపు ఇచ్చిపోతరా అని అడిగిండు. ఇచ్చిన. గోలీలు మాత్రం కొంగుల కట్టుకున్న.

కొత్త తలుపు సందు లేకుంట కూసున్నది. ఫిట్‌నెస్ గూడ అయింది. ఇప్పుడు పొద్దుగాల తమ్ముని ముందటనే గోలి మింగుత. వాడు కారు ఎక్కినంక తలుపు నేనే ఏస్త. ఒక్కటే సప్పుడు. ఏసి, జరసేపు అక్కడనే నిలబడ్త. తమ్ముడు అద్దం దించుతడు.

"ఏందక్క?"

"ఏం లేదు. పో."