దేవుడు లేడన్న పూజారి

లాల్‌దర్వాజాలో బాలనర్సింహ ఇల్లెక్కడని అడిగి చూడండి. పాలోళ్ల బాలనర్సింహా అని ఎవరూ అనరు. "ఆ నాస్తికుడా?" అంటారు, అదేదో తాతల నాటి ఇంటిపేరైనట్టు. పోనీ, ఆ నాస్తికుడు చేసే కొలువేమిటో తెలుసా? గుడిలో పూజారి! నవ్వొస్తోంది కదూ. గల్లీ కూడా నవ్వింది. నవ్వి నవ్వి దవడలు నొప్పి పుట్టి మానుకుంది గానీ, ఆయన మాత్రం కొలువు మానలేదు.

గుడంటే అమ్మవారి గుడి కాదు లెండి. చార్‌కమాన్ వెనక వెండి దుకాణాల గల్లీలో మార్వాడీ జైనులు కట్టుకున్న మందిరం. కొట్టం నిండా బర్రెలున్న రోజుల్లో బాలనర్సింహ అక్కడికి పాలు పోసేవాడు. పాలరాతి తీర్థంకరుడికి పొద్దున్నే పాలతో, నీళ్లతో స్నానం చేయించడం వాళ్ల పద్ధతి. తర్వాత బస్తీలో పశువులుండొద్దని లొల్లి మొదలైంది. కొట్టాలన్నీ జల్‌పల్లి వైపు తరలిపోయాయి. అంత దూరం పోయే ఓపిక లేక ఈయన బర్రెలను అమ్మేసి ఇంట్లో కూర్చున్నాడు. సరిగ్గా అప్పుడే మందిరంలో పాత పూజారి సొంతూరికి పోయి తిరిగి రాలేదు. వాళ్ల మందిరాల్లో పూజారి జైనుడే కానక్కర్లేదు, జీతానికి బయటివాణ్ణి పెట్టుకుంటారు. ట్రస్టు సేఠ్ ఈయన్ను పిలిపించి, మాంసం తింటావా, మందు తాగుతావా, తెల్లారకముందే స్నానం చేయగలవా అని అడిగాడు. దేవుణ్ణి నమ్ముతావా అని మాత్రం అడగలేదు. అడగని ప్రశ్నకు జవాబు చెప్పడానికి బాలనర్సింహకేమన్నా పిచ్చా?

పని నేర్చుకున్నాడు. ఊపిరి విగ్రహానికి తగలకుండా ముక్కూ మూతీ గుడ్డతో కట్టుకోవాలి. స్నానం చేయించాక మెత్తటి బట్టలతో ఒకదాని తర్వాత ఒకటి తుడవాలి. మోచేతి వంపులో చుక్క తడి మిగిలినా అందులో కంటికి కనబడని జీవం పుడుతుందట, ఆ జీవం చస్తే పాపమట. పాపం సంగతి ఆయనకు పట్టదు గానీ, బర్రె పొదుగు తుడిచి తుడిచి అలవాటైన చేతులు. చుక్క మిగలనిచ్చేవి కావు.

శాలిబండలో హేతువాద సంఘమని ఒకటుండేది. పది మంది, ఒక బ్యానరు, ఒక అద్దె మైకు. దాన్ని నడిపే మహేందర్ ఈ సంగతి తెలిసి ఇంటి మీదికొచ్చాడు.

"ఏందన్నా ఇది? ఇన్నేండ్లు దేవుడు లేడని మైకు పట్టుకొని ఒర్లి, గిప్పుడు బొమ్మకు స్నానం జేపిస్తున్నవా? సంఘం ఇజ్జత్ తీస్తివి!"

"అప్పుడు బర్రెను కడిగిన, ఇప్పుడు దీన్ని కడుగుతున్న. పని పనే కద భాయ్," అన్నాడు బాలనర్సింహ.

మహేందర్ మళ్లీ ఆ గడప తొక్కలేదు. అట్లా ఆయన భక్తులకూ పనికిరాక, నాస్తికులకూ పనికిరాక, రెంటికీ చెడ్డ రేవడి అయ్యాడు. అయితే అయ్యాడు, దానికి ఆయనేం కుమిలిపోలేదు. కుమిలింది మరోదానికి.

పెళ్లైన చాలా ఏళ్లకు ఆయనకూ లలితమ్మకూ పుట్టిన ఒక్కగానొక్క కొడుకు చింటూ. వాడికి ఏడో ఏట జ్వరమొచ్చి ఎంతకీ దిగలేదు. లలితమ్మ కొంగు చాపి, బిడ్డ లేచి తిరిగితే మేకపోతునిస్తానని మహంకాళికి మొక్కింది. బాలనర్సింహ వాణ్ణి దవాఖానలో వేశాడు. పిల్లాడు లేచాడు. బోనాలు వచ్చాయి. మేకపోతు ఏదని లలితమ్మ అడిగింది.

"డాక్టర్ సూదిచ్చిండు, తక్కువైంది. నడుమ మేకేం జేసిందని దాని మెడ కొయ్యాలె?" అన్నాడు. ఆమె ఏడ్చింది, అలిగింది, తల్లిగారింటికి పోతానంది. ఆయన వినలేదు. మాట మీద నిలబడే మొగోణ్ణని మురిసిపోయాడు కూడా. ఏం మురిపెమో, తగలెయ్య!

రెండేళ్లు తిరిగాక వానాకాలంలో గల్లీ అంతా డెంగీ వచ్చింది. ఎంత మందికో వచ్చింది, అందరూ లేచి కూర్చున్నారు. చింటూ ఒక్కడే లేవలేదు. శవం ఇంకా వాకిట్లోనే ఉంది, పక్కింటి సక్కుబాయి అందరూ వినేట్టే అన్నది: "అమ్మవారి మొక్కు మింగితె ఊకుంటదా తల్లి? పెద్దోడు మొండికేస్తే పిల్లగాన్ని గుంజుకున్నది."

ఆ మాట లలితమ్మ గుండెలో మేకులా దిగింది. ఆ రోజు నుంచి ఆమె మొగుడితో మాట్లాడిన మాటలంటే ఉప్పు లేదు, గ్యాసు అయిపోయింది, ఇంతే. అన్నం వడ్డిస్తుంది, పక్కకు తిరిగి కూర్చుంటుంది. ఇంట్లో మాంసం వండటం మానేసింది. ఏటా బోనం ఎత్తుకుని ఒంటరిగా పోయి వస్తుంది. బాకీపడ్డ మేకపోతును ఇప్పుడైనా ఇచ్చేద్దామని ఒకసారి ఆయనే నోరు తెరిచాడు, అంత దిగజారాడు పాపం. ఆమె ఆయన మొహం కూడా చూడలేదు. "ఎవలి కోసం ఇస్తవ్?" అన్నది.

పదేళ్లుగా బాలనర్సింహకు కావాల్సింది ఒక్కటే. పిల్లాణ్ణి చంపింది నువ్వు కాదు అని లలితమ్మ నోట ఒక్క మాట. ఆయన చెప్పి చూశాడు, దోమ అన్నాడు, రక్తకణాలు అన్నాడు. నాస్తికుడి మాటకు ఆ ఇంట్లో విలువేముంది? దేవత చంపలేదని ఎవరో దేవుడి మనిషే చెప్పాలి. దేవుడి మనిషి అట్లా ఎందుకు చెప్తాడు?

చెప్పేవాడు దొరికాడు. అదీ ఎక్కడ? తన మందిరంలోనే!

వానాకాలం నాలుగు నెలలు జైన సాధువులు ఊళ్లు తిరగరు. నేల మీద పురుగూ పుట్రా ఎక్కువ, కాలి కింద పడి చస్తాయని ఒక్కచోటే ఉండిపోతారు. అట్లా ఆ ఏడు మందిరం పక్క హాల్లో ఒక పెద్ద సాధువు దిగాడు, అందరూ మహారాజ్ అంటారు. తెల్ల బట్టలు, ఒట్టి కాళ్లు, చేతిలో నోటికి అడ్డం పెట్టుకునే చిన్న గుడ్డ. రోజూ పొద్దున్న హిందీలో ప్రవచనం. బాలనర్సింహ గుడ్డలు ఉతుకుతూ చెవి అటు వేసేవాడు. ఒకరోజు మహారాజ్ అన్నాడు: "ఈ లోకాన్ని ఎవరూ పుట్టించలేదు. పుట్టించినవాడు ఉన్నాడనుకోవడం మన భ్రమ. భగవంతుడు ఎవరికీ ఏమీ ఇవ్వడు, ఎవరి దగ్గరా ఏమీ గుంజుకోడు. కోపం ఉన్నవాడు భగవంతుడెట్లా అవుతాడు?"

బాలనర్సింహ చేతిలో తడిగుడ్డ అట్లాగే ఉండిపోయింది. ఓరి! నేనిదే అంటే గల్లీలో రాళ్లేశారు కదరా! ఇక్కడ కోటీశ్వరులు చేతులు కట్టుకుని వింటున్నారు!

ఆ సాయంత్రం ఇంట్లో లలితమ్మను బతిమాలాడు. "ఒక్కపారి రా లలితా. నా మాట ఇనకు, ఆయన మాట ఇను. చెప్పులు తొడగడు, బండి ఎక్కడు, కాచిన నీళ్లే తాగుతడు. గసుంటి మనిషి అబద్ధం చెప్పడు."

సన్యాసి అంటే ఆమెకు గౌరవం. లేచి పోయి ఎసరు పెట్టి వచ్చింది. చివరికి, "రేపు పొద్దుగాల్నే పోదాం," అన్నది. అంత మాట విని కూడా ఎన్నాళ్లైందో! మనిషి ఆ రాత్రి రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు.

మర్నాడు లలితమ్మ ఉతికిన చీర కట్టుకుని, ఆడవాళ్ల వైపు వెనక వరసలో కూర్చుంది. పాల బిందెతో పాతబస్తీ గల్లీలన్నీ తిరిగిన మనిషి, హిందీ ఆమెకు కొత్తేమీ కాదు. ప్రవచనం అయ్యాక జనం ఒక్కొక్కరే సందేహాలు అడుగుతుంటే బాలనర్సింహ చేతులు జోడించి లేచాడు.

"మహారాజ్ సాబ్, ఏక్ సవాల్ హై. మొక్కు తీర్చలేదని దేవతకు కోపమొస్తదా? కోపమొచ్చి పిల్లగాన్ని సంపుతదా?"

మహారాజ్ నవ్వాడు. "లేదు నాయనా. ఏ దేవుడూ ఏ దేవతా ఎవరి ఆయువునూ ఒక్క ఘడియ తగ్గించలేరు, ఒక్క ఘడియ పెంచలేరు. మొక్కులు మనం భయంతో కట్టుకున్నవి."

బాలనర్సింహ గబుక్కున వెనక్కి తిరిగాడు. లలితమ్మ ఆయన వంకే చూస్తోంది. పక్కకు కాదు, నేల మీదికి కాదు, ఆయన మొహంలోకి. పదేళ్లుగా బిగిసిపోయి ఉన్న ఆ దవడ సడలింది. కండ్లల్లో నీళ్లు తిరిగాయి. గెలిచాననుకున్నాడు పిచ్చివాడు. అప్పుడే లేచి ఆమె చెయ్యి పట్టుకుని బయటికి తీసుకుపోయి ఉంటే ఎంత బాగుండేది!

లలితమ్మ లేచి నిలబడింది. "మరి నా కొడుకు ఎందుకు పోయిండు స్వామీ?"

మహారాజ్ గొంతులో కాఠిన్యం ఏమీ లేదు. పసిపిల్లకు చెప్పినట్టు చెప్పాడు. "ఎవరూ తీసుకుపోలేదమ్మా. ఆ జీవుడు వెనకటి జన్మల్లో కట్టుకున్న కర్మ అంతవరకే ఉంది. అల్పాయువు అంటే, ఎప్పుడో ఏ ప్రాణికో తాను చేసిన హింసకు ఫలం. ఎవరు చేసింది వాళ్లే అనుభవించాలి. తల్లి గానీ తండ్రి గానీ పంచుకోలేరు."

హాలంతా తలలూపింది. లలితమ్మ ఊపలేదు.

"నా కొడుకు హింస జేసిండా?" అన్నది. "దూడ పాలు దూడకే ఇడువమని నాతోని కొట్లాడెటోడు. తొమ్మిదేండ్లోడు. వాని పాపానికే వాడు పోయిండా?"

"ఈ జన్మలో కాదమ్మా..."

"మహారాజ్ సాబ్, వెనకటి జన్మ నువ్వు జూసినవా, నేను జూసిన్నా?" బాలనర్సింహ గొంతు లేచింది. కూర్చో పూజారీ అని సేఠ్ కసిరాడు. ఎవరో నాస్తికుడని గొణిగారు. దేవుడు లేని చోట కూడా అదే పేరు! కర్మ లేదన్నవాడే ఇక్కడ నాస్తికుడట. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిపోయింది. లలితమ్మ అప్పటికే మెట్లు దిగుతోంది.

మూసి ఉన్న ఒక వెండి దుకాణం అరుగు మీద కూలబడింది. ఆయన ఎదురుగా నిలబడ్డాడు.

"ఇది ఇనిపియ్యడానికా తెచ్చినవ్?" అన్నది.

"గదంతా ఉత్తదే లలితా. పోయిన జన్మ లేదు, కర్మ లేదు. దోమ కుట్టింది, అంతే."

"నీకు అన్నీ ఉత్తయే. అమ్మవారు ఉత్తదే, కర్మ ఉత్తదే. మరి నా కొడుకు గూడ ఉత్తగనే పోయిండా? ఎవలేం జెయ్యకుండనే, ఉత్తగ దోమ కుట్టి?" ఆమె ఛాతీ మీద కొట్టుకుంది. "ఇన్నేండ్లు నిన్ను తిట్టుకుంట బతికిన. నిన్ను తిడితె నాకు అన్నం పోయేది. గిప్పుడు ఎవల్ని తిట్టాలె? వాణ్ణా? నా చింటూగాన్ని తిట్టుకోవాల్నా?"

మైకు ముందు గంటలు గంటలు మాట్లాడిన మనిషి, మహేందర్ లాంటివాళ్లను కూడా వాదనలో పడగొట్టిన మనిషి, ఆ గల్లీ నడుమ ఊరికే నిలబడ్డాడు. దారిన పోయేవాళ్లు ఆగి చూస్తున్నారు. ఆమె రెండు చేతులతో మొహం కప్పుకుని, వాడేం చేశాడు, వాడేం చేశాడు అని ఊగిపోతోంది. ఆ ఏడుపు శవం వాకిట్లో ఉన్నప్పుడు కూడా ఏడవలేదు. అప్పుడు నేరం మొగుడిది, ఇప్పుడు బిడ్డది.

ఆయన ఆమె ముందు నేల మీద కూర్చున్నాడు.

"నేనే," అన్నాడు.

ఆమె చేతులు దించింది.

"మొక్కు మింగింది నేను. అమ్మకు కోపమొచ్చింది. నా మీది కోపం పోరని మీద తీసుకుంది. వాడేం జెయ్యలే లలితా. వాని తప్పేం లేదు. గా స్వామికి ఏం దెల్వదు."

అందులో ఒక్క ముక్క కూడా ఆయన నమ్మడు. జీవితమంతా దేన్ని కాదంటూ వచ్చాడో, దేని కోసం తిట్లు తిన్నాడో, సంఘంలో చేరాడో, దాన్నంతా తన నోటితోనే మింగేశాడు. మాట మాత్రం తడబడలేదు.

లలితమ్మ ఆయన్నే చూసింది. ఊగడం ఆగింది. కొంగుతో మొహం తుడుచుకుంది. దవడ మళ్లీ బిగుసుకుంది.

"గీ మాట ఒప్పుకోనీకి ఇన్నేండ్లు పట్టిందా నీకు?"

ఆయన తల దించుకున్నాడు.

"నేను సచ్చేదాక నిన్ను మాఫ్ జెయ్య," అన్నది.

"చెయ్యకు," అన్నాడు బాలనర్సింహ.