జ్ఞానమ్మ సాక్ష్యం

జ్ఞానమ్మకీ, ఆమె అన్న చిట్టియ్యకీ పుట్టుచెవుడు. భీమవరం అవతల వాళ్ల పేటలో సైగల బడి లేదు, నేర్పేవాళ్లూ లేరు. ఊరు వాళ్లకి వేలు చూపించి బతికేసింది: అన్నం, నీళ్లు, పనికి రా. అంతకు మించి ఊరికి వాళ్లతో పనిపడలేదు.

కానీ చేనిగట్టు మీద కూర్చుని ఆ పిల్లలిద్దరూ చేతులతో ఒక భాష అల్లుకున్నారు. మొదట వస్తువులు. తర్వాత నిన్న, రేపు. ఆ తర్వాత, వాన పడి ఉంటే వెళ్లేవాళ్లం కాదు అనేంత దూరం. ఎవరు చేశారో ముందు, ఎవరికో తర్వాత, ఏం చేశారో చివర. వరస తప్పితే చిట్టియ్య నవ్వి, చెల్లెలి చెయ్యి పట్టుకుని దిద్దేవాడు. ఆ వరస అతనికి ఎవరూ చెప్పలేదు. గోళ్లూ వెంట్రుకలూ తెచ్చుకున్నట్టే, కడుపులోంచే తెచ్చుకున్నాడు. ఊరు దానికి మూగోళ్ల కోలాటం అని పేరు పెట్టింది.

చిట్టియ్య కూతురు వినీలకి చెవులు వినపడతాయి. తల్లి పురిట్లోనే పోతే అత్త పెంచింది. మొదటి మాట ఆ అత్త చేతుల్లోంచే నేర్చింది. పదేళ్లొచ్చాక, పిల్లలు వెక్కిరిస్తున్నారని బజార్లో ఆ మాట ఆడడం మానేసింది.

పోయిన నెల శ్రీనివాసరాజు గారి రొయ్యల చెరువులో, నీళ్లు చిలికే ఏరేటరుకి తాడు చుట్టుకుంటే విప్పడానికి చిట్టియ్య దిగాడు. రాజుగారు ఫోన్లో మాట్లాడుతూ స్విచ్చి దగ్గరికి వచ్చారు. అవతలి గట్టు మీంచి జ్ఞానమ్మ రెండు చేతులూ ఎత్తి ఆపమంది. ఆయన చూశారు. ఫోను రెండో చెవికి మార్చుకుని స్విచ్చి వేశారు. చిట్టియ్యే పొరపాటున తీగ ముట్టుకుని పోయాడని కాగితాల్లో రాసుకున్నారు. జ్ఞానమ్మని ఎవరూ అడగలేదు.

చిట్టియ్య కోసం పెట్టిన ఆదరణ కూడికకి చర్చి ముందు షామియానా వేయించిందీ, భోజనాలు పెట్టించిందీ రాజుగారే. సోమవారం నుంచి వినీలకి ఆయన ఆఫీసులోనే ఉద్యోగం. పోయినవాడి గురించి ఒక్కొక్కరే లేచి సాక్ష్యం చెప్పారు. సాక్ష్యానికి లేచిన మనిషిని అక్కడ ఎవరూ కూర్చోమనరు. జ్ఞానమ్మ ఇన్నాళ్లూ ఆగింది ఆ ఒక్క ఆచారం కోసమే.

లేచింది. తొందరపడకుండా చేతులతో చెప్పింది. రాజు వచ్చాడు. అన్న నీళ్లలో ఉన్నాడు. నేను చేతులెత్తాను. రాజు నన్ను చూశాడు. రాజు అన్న మీద స్విచ్చి వేశాడు. వాళ్ల భాషలో గారు లేదు. గాలిలో ఒక్క వాక్యమూ చెదరలేదు.

"ఏమంటోందమ్మా మీ అత్త?" పాస్టరు జయపాల్ గారు వినీలని అడిగారు.

వినీల ముందు వరసలోని రాజుగారి తెల్లచొక్కా వైపు చూసింది.

"నాన్న మంచోడంటోందండి. ప్రభువు దగ్గరున్నాడంటోందండి."

షామియానా అంతా ఆమెన్ అంది.

జ్ఞానమ్మకి పెదాలు చదవడం రాదు గానీ మాట పొడవు తెలుసు. తను అంతసేపు చెప్పింది ఆ పిల్ల నోట్లో రెండుసార్లు కదిలి ఆగిపోయింది. రాజుగారి ముఖం మారలేదు. మళ్లీ మొదలుపెట్టింది, చంటిపిల్లకి చెప్పినట్టు నెమ్మదిగా, ఈసారి వినీలకే. నీకు తెలుసు. చెప్పు.

"పాపం, అన్నంటే ఎంత ప్రాణమో," అని రాజుగారు రుమాలుతో కళ్లొత్తుకున్నారు.

వినీల దగ్గరికొచ్చి అత్త రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని గుండెకి అదుముకుంది. అది చూసి ఆడవాళ్లు ఏడ్చారు. జ్ఞానమ్మ గుంజుకుంది. వినీల ఇంకా గట్టిగా పట్టుకుంది, ఒక వేలు ఇంకో వేలిని దాటలేనంత గట్టిగా. పాస్టరుగారు ప్రార్థన ఎత్తుకున్నారు. చాలా పొడుగు ప్రార్థన. అది అయ్యేదాకా వినీల వదల్లేదు.